లిఫ్టుకు మనిషిని చూడటం నేర్పొద్దు

చేసిన పని

ఇన్నేళ్లూ నువ్వేం ఉద్యోగం చేశావని ఎవరైనా అడిగితే "పైకీ కిందికీ" అంటాను. పెళ్లిచూపుల్లో కూడా ఇదే చెప్పానట. మా మామగారు అదేదో దొంగ వ్యాపారం అనుకుని మా ఊరికి మనిషిని పంపి వాకబు చేయించాడు. నేను లిఫ్టు సర్వీసు ఇంజనీరునని తెలిశాక కూడా ఆయన అనుమానం పూర్తిగా తీరలేదు. జనగామ పక్కన మా ఊళ్లో అప్పుడున్నది ఒకే ఒక్క మేడ, దానికీ మెట్లు బయటే ఉండేవి.

కంపెనీ ఆఫీసు ఉప్పల్లో, ఇల్లు నాచారంలో. ఈ రెంటి చుట్టుపక్కల లిఫ్టులన్నీ నా సంసారమే. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లల కోసం నాలుగు ముక్కలు రాయమని పాత స్నేహితులు పోరుపెడుతుంటే కూర్చున్నాను. ప్రమోషన్ల గురించి రాయను, వచ్చినవే తక్కువ. మోటారు, తాడు, బ్రేకు గురించీ రాయను, అవి ట్రైనింగులో చెబుతారు. మనుషుల గురించి మాత్రం అక్కడ ఎవరూ చెప్పరు, అసలు రిపేరంతా అక్కడే ఉంటుంది.

తలుపు మూసే బటన్ సంగతే చూడండి. రామంతాపూర్‌లో ఒక పాత బిల్డింగులో దానికి వైరు కూడా లేదు. నొక్కినా నొక్కకపోయినా తలుపు దాని టైముకే మూసుకునేది. బటన్ అరిగిపోయిందని ఒకసారి తీసేసి, ఆ చోట ఖాళీ మూత బిగించి వచ్చాను. వారం తిరక్కుండానే లిఫ్టు నెమ్మదించిందని ఫిర్యాదు వచ్చింది. అదే పనికిరాని బటన్ మళ్లీ పెట్టాను. ఇప్పుడు బాగా ఉరుకుతోందని మెచ్చుకుని నాకు మైసూర్‌పాక్ పెట్టారు. ఆఫీసుల్లో ఫిర్యాదుల పెట్టెలు ఎందుకు పెడతారో నాకు ఆరోజే అర్థమైంది.

సత్తయ్య సార్

నాకు పని నేర్పినవాడు సత్తయ్య సార్. కీసర మనిషి. ఏటా శివరాత్రికి గుట్టెక్కేవాడు, మెట్ల మీదుగానే. "దేవుని దగ్గర లిఫ్టు వెడితే మొక్కు సగమే ముడుతది" అనేవాడు. నోరు పెద్దది, మనసు మెత్తన. లిఫ్టు గుంతలో దిగి పనిచేస్తున్నప్పుడు నేను పైనుంచి స్పానరు జారవిడిస్తే మా ఏడు తరాలనూ పేరుపేరునా పలకరించేవాడు. మధ్యాహ్నం తన టిఫిన్‌లోంచి మామిడికాయ తొక్కు నా గిన్నెలో వేసేవాడు.

అంబర్‌పేట్‌లో ఒక ఫంక్షన్ హాలు యజమాని తన లిఫ్టుకు ప్రత్యేకంగా ఒక తాళంచెవి కావాలన్నాడు. అది తిప్పితే లిఫ్టు మధ్యలో ఎవరు పిలిచినా ఆగకుండా నేరుగా ఆయన గదికి పోవాలి. పెద్దమనిషి అన్నాక ఆ మాత్రం హోదా ఉండాలి కదా. సత్తయ్య సార్ వద్దని చెప్పి చూశాడు, ఆయన వినలేదు, పెట్టాం. ఆ తర్వాత హాల్లో జరిగిన మొదటి పెళ్లి ఆయన మరదలిదే. యజమాని తాళంచెవి తిప్పుకుంటూ పైకి పోతాడు, కిందికి వస్తాడు. రెండో అంతస్తులో ఆయన అత్తగారు తలంబ్రాల పళ్లెం పట్టుకుని నిలబడి, అద్దాల తలుపులోంచి అల్లుడు తన ముందునుంచే అటూ ఇటూ పోతుంటే చూస్తూ ఉంది. చివరికి తలంబ్రాలు మెట్ల మీదుగా వచ్చాయి, ఆమెకంటే ముందు ఆమె నోరు వచ్చింది. మర్నాడు తాళంచెవి తీసేయమని ఫోను.

తీసేస్తూ సత్తయ్య సార్ నాతో అన్నాడు: "లిఫ్టుకు బరువు జూసుడు నేర్పు, తలుపు జూసుడు నేర్పు. మనిషిని జూసుడు మాత్రం నేర్పకు. నేర్పినవా, ముందుగాల నీ అత్తనే మర్సిపోతది."

నేను నవ్వి ఊరుకున్నాను. ఆ వయసులో సారు మాటల్లో తిట్లే గుర్తుంటాయి.

నాయకుల గుబులు

మన ఏరియాలో ఎన్నికలొస్తే లిఫ్టువాళ్లకు చేతినిండా పని. నాయకులకు ధైర్యం ఎక్కువని జనం అనుకుంటారు. నేను చూసినంతలో వాళ్లంత భయస్థులు ఇంకెవరూ లేరు. టికెట్లు ప్రకటించే రోజుల్లో ఉప్పల్లో ఒక చిన్న నాయకుడి ఇంటికి వెళ్లాను. ఆయనకు వాళ్ల బావమరిది చెప్పాడట, పేరు వచ్చేదాకా కిందికి పోయేదేదీ ఎక్కొద్దని. అందుకని పైకి లిఫ్టులో పోతాడు, కిందికి మెట్ల మీద వస్తాడు. అంతవరకు బాగానే ఉంది. తను దిగేలోపు ఖాళీ లిఫ్టు కూడా కిందికి వస్తోందని కనిపెట్టి నన్ను పిలిపించాడు.

"ఇది కిందికి రాకుంట పైకి పోయేటట్టు జేయరాదు?" అన్నాడు.

"కిందికి రాకుంట పైకి ఎట్ల పోతది సార్?"

ఆయన చాలాసేపు ఆలోచించాడు. "మా పార్టీల గట్ల పోయినోళ్లున్నరు" అన్నాడు దిగులుగా.

అది చూసి నాకు నిజంగానే జాలేసింది. పై అంతస్తులో ఉన్నవాడికి కింద పడతానని భయం, కింద ఉన్నవాడికి పైకి రానివ్వరని భయం. మధ్యలో ఉన్నవాళ్లు తలుపు మూసే బటన్ నొక్కుతూ ఉంటారు.

మూడు రంగుల కార్డులు

ఇక అసలు సంగతి. నేను రిటైరవడానికి ముందు ఏడాది నాచారంలో ఒక తొమ్మిదంతస్తుల అపార్ట్‌మెంటులో స్మార్ట్ లిఫ్టు పెట్టాం. ముందువైపు పెద్ద లిఫ్టు, వెనకవైపు సామాన్లకు చిన్న లిఫ్టు. లోపల రీడరుకు కార్డు చూపిస్తేనే బటన్లు పనిచేస్తాయి. అసోసియేషన్ సెక్రటరీ చలపతిరావు గారు రైల్వేలో అకౌంట్సు చూసి రిటైరైన మనిషి. ఓనర్లకు నీలం కార్డు, అద్దెవాళ్లకు పచ్చ కార్డు, పనివాళ్లకు ఎర్ర కార్డు అని తనే రంగులు ఎంచాడు. ఎర్ర కార్డుకు ముందువైపు లిఫ్టు కదలకూడదు.

"ఎందుకండీ?" అన్నాను.

"సెక్యూరిటీ అండీ" అన్నాడు.

"వాళ్లు ఇంట్లోకే వచ్చి మీ వంట చేసి పోతారు కదా. లిఫ్టులో ఏం సెక్యూరిటీ?"

"అబ్బే, అది వేరు, ఇది వేరండీ" అని నాకు మంచి ఫిల్టర్ కాఫీ ఇప్పించాడు. చెడ్డవాడు కాదు. నలుగురూ ఏమనుకుంటారోనని బతుకంతా హడలిపోయే మనిషి. నేను కాఫీ తాగుతూ ల్యాప్‌టాప్‌లో ఎర్ర కార్డును ఆపే గడిలో టిక్కు కొట్టాను. ఇంత పనికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటులాగా నెల తిరక్కముందే వెనక లిఫ్టు కాలిపోయింది. దాన్ని నడిపే సర్క్యూట్ బోర్డు వేరే ఊరినుంచి రావాలి. అప్పటిదాకా ఎర్ర కార్డులవాళ్లకు మెట్లే గతి. బోర్డు సంగతి చూడటానికి వెళ్లినప్పుడు మెట్ల దగ్గర ఒకామె మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉంది. యాదమ్మ. దమ్మాయిగూడ నుంచి పొద్దున్నే ఆటోలు మారి వస్తుంది. తొమ్మిదో అంతస్తులో సావిత్రమ్మ గారని తొంభై దాటిన పెద్దావిడను లేపి, స్నానం చేయించి, జొన్నరొట్టె మెత్తగా పాలలో నానబెట్టి తినిపించే పని ఆమెది.

"సారూ, గీ లిఫ్టు జేసింది మీరేనా?" అంది.

"నేనేనమ్మా."

"మంచిగ జేసిన్రు. మస్తు మెరుస్తున్నది. నన్ను మాత్రం ఎక్కించుకుంటలేదు. అడిగితే సెక్రటరీ సారు సిస్టం ఒప్పుకోదంటున్నడు. ఆ సిస్టం సారు ఎప్పుడొస్తడో జర చెప్తరా, కాళ్లు మొక్కి అడుగుత."

నేను నవ్వబోయి ఆగిపోయాను. ఆమె వేళాకోళం ఆడుతోందో, నిజంగా అడుగుతోందో తెలియలేదు.

"మోకాళ్లు వద్దంటున్నయి సారూ. ఆగుకుంట ఆగుకుంట ఎక్కేసరికి లేటయితున్నది. అమ్మ ఆకలికి నకనకలాడుతది. ఇంకోపారి లేటయితే వేరే మనిషిని సూస్కుంట అన్నది కోడలమ్మ. ఆమెది కూడ తప్పు లేదు, ఆఫీసుకు వోవాలె గద."

వెళ్లి చలపతిరావు గారిని అడిగాను, బోర్డు వచ్చేదాకా ఎర్ర కార్డులకు ముందు లిఫ్టు తెరుద్దామని. "ఒకసారి వదిలితే అలవాటైపోతుందండీ, రేపు వాట్సాప్ గ్రూపులో నన్ను ఉతికి ఆరేస్తారు" అన్నాడు. మా మేనేజరుకు ఫోన్ చేశాను. "అసోసియేషన్ చెప్పనిదే ముట్టుకోకు" అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారులే ఇద్దరు, దేవుడెవరో తెలియదు.

కొత్తగా వచ్చే పిల్లలకు ఇది ఒక్కటి గట్టిగా చెబుతాను. "సిస్టం ఒప్పుకోదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. సిస్టం అంటే ఎక్కడో ఆకాశంలో కూర్చున్న పెద్దమనిషి కాదు. మీరో నేనో కాఫీ తాగుతూ కొట్టిన టిక్కు. ఆ టిక్కు వల్ల ఎవరి మోకాళ్లు అరుగుతాయో చూడాల్సింది కూడా మనమే. లిఫ్టు కనిపెట్టిందే మెట్లెక్కలేని వాళ్ల కోసం. ఎక్కగలిగిన వాళ్లను ఎక్కించుకుని ఎక్కలేని వాళ్లను మెట్లకు తోలే లిఫ్టు పెట్టినందుకు నాకు ఆ రోజు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియక ఇంటికి వెళ్లి ఉప్పు ఎక్కువైందని మా ఆవిడ మీద విసుక్కున్నాను. ఆమె నన్ను సిస్టం నుంచి తీసేసినంత పని చేసింది.

కుంకుమ

ఆ మరుసటి వారంలోనే ఎన్నికల ప్రచారం మా వీధుల్లోకి వచ్చింది. అపార్ట్‌మెంటు ముందు నాలా వానొస్తే పొంగి సెల్లారులోకి వస్తుంది. దాన్ని బాగుచేయించుకోవాలని చలపతిరావు గారి ఆరాటం. ఎవరు గెలుస్తారో తెలియదు కాబట్టి పోటీలో ఉన్న ఇద్దరినీ వేర్వేరు రోజుల్లో పిలిచాడు. ఇద్దరికీ ఒకే పొడవు దండలు ఉండాలని పూలవాడి దగ్గర నిలబడి మూరలు వేయించాడు. మొదటాయన సావిత్రమ్మ గారి ఆశీర్వాదం తీసుకుని ఫొటో దిగుతానన్నాడు, ఆమె ఆ చుట్టుపక్కల అందరికంటే పెద్ద ఓటరు మరి. నాయకుడి ముందు లిఫ్టు ఆగితే పరువు పోతుందని నన్ను పొద్దున్నే రమ్మన్నారు.

వెళ్లి చూస్తే నా లిఫ్టు పెళ్లికూతురిలా ఉంది. పైనుంచి బంతిపూల దండలు. గుమ్మంలో పగిలిన గుమ్మడికాయ, కొబ్బరికాయ. రెండు తలుపుల అంచులకూ పైనుంచి కిందిదాకా నూనెలో కలిపిన పసుపు, దాని మీద ఇంతింత కుంకుమ బొట్లు.

మన వాళ్లు దసరాకు కూడా ఇదే చేస్తారు. తలుపు అంచుల్లో సెన్సర్లుంటాయి. మధ్యలో మనిషి ఉంటే తలుపు మూసుకోకుండా కాపాడేవి అవే. వాటి మీద కుంకుమ పెడితే ఎప్పుడూ ఎవరో అడ్డంగా నిలబడ్డారనే అనుకుని తలుపు తెరుచుకునే ఉంటుంది. పండగ మర్నాడు మాకు వచ్చే ఫోన్లలో చాలా వాటికి మందు ఒక్కటే, తడిబట్ట. నేను బట్ట తీశాను.

చలపతిరావు గారు నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏవండీ, ఆయన వచ్చే వేళకు కుంకుమ తుడుస్తారా? తెలిస్తే నాలా సంగతి దేవుడెరుగు, నన్నే నాలాలో వేస్తాడు."

"తుడవకపోతే తలుపు మూసుకోదు సార్."

"అపశకునం కంటే అదే నయం" అన్నాడు. నిజంగానే అన్నాడు.

ఈలోపు డప్పులు వచ్చేశాయి. నాయకుడు గుంపుతో లిఫ్టెక్కాడు. తలుపు సగం మూసుకుని తెరుచుకుంది. మళ్లీ సగం మూసుకుని తెరుచుకుంది. నమస్కారం పెడుతున్నట్టే ఉంది చూడ్డానికి, నాయకుడు రెండుసార్లు తిరిగి నమస్కారం పెట్టాడు కూడా. మూడోసారికి ఆయన మొహం మారింది. ఫొటోగ్రాఫర్ పక్కనే ఉన్నాడు కాబట్టి వెంటనే సర్దుకుని, "మెట్లెక్కుదాం పాండ్రి. మనం ప్రజల మనుషులం, లిఫ్టులెందుకు?" అన్నాడు. అందరూ జై కొట్టి మెట్ల వైపు దారి తీశారు. చలపతిరావు గారు పాపం ఆ గుంపు వెనకాలే పరుగెత్తాడు.

నేను నిమ్మళంగా అంచులు తుడిచి, కొబ్బరిచిప్ప ముక్క గాడిలోంచి తీసి, లిఫ్టులో పైకి బయలుదేరాను. నాలుగో అంతస్తు దగ్గర గోల వినపడితే ఆపి తలుపు తెరిచాను. ప్రజల మనిషి మెట్ల మీద కూలబడి ఉన్నాడు. చుట్టూ అనుచరులు పార్టీ కండువాలతో విసురుతున్నారు. పక్క మెట్టు మీద యాదమ్మ తన నీళ్ల సీసా ఆయనకు ఇచ్చి మూత చేతిలో పట్టుకుని ఉంది. అది ఆమె రోజూ ఆగే చోటే.

ఆయన నీళ్లన్నీ తాగేసి ఊపిరి పీల్చుకుని, "నీకేమైందమ్మా? నువ్వు లిఫ్టెక్కవా?" అన్నాడు.

"నా కార్డుకు రాదు సారూ. సిస్టం ఒప్పుకోదంట."

"సిస్టం ఎవరు?" అన్నాడు నాయకుడు చలపతిరావు గారి వైపు తిరిగి.

చలపతిరావు గారు మెల్లగా చెయ్యెత్తి, అప్పుడే లిఫ్టులోంచి బయటికొస్తున్న నా వైపు చూపించాడు.

"నేనే సార్ సిస్టం" అన్నాను. ఇంకేమనాలి?

నాయకుడు నన్ను ఎగాదిగా చూశాడు. నా చేతిలో పసుపు బట్ట ఉంది. "ఈమెను ఎక్కనియ్యాలె. నేను గెలువంగనే చేపిస్త" అన్నాడు యాదమ్మతో.

"మీరు గెలిచేదాక నా మోకాళ్లు ఆగాలె గద సారూ" అంది యాదమ్మ, ఖాళీ సీసాకు మూత బిగిస్తూ. "లేటయితే పని వోతది. గియ్యాల కూడ లేటయినట్టే ఉన్నది."

చలపతిరావు గారిని చూశాను. వద్దనడానికి నాయకుడి భయం, సరేననడానికి గ్రూపు భయం. ఆయన కళ్లు మూసుకుని తల ఊపాడు. అది ఔననో కాదనో నేను అడగలేదు. లిఫ్టులోనే కింద కూర్చుని ప్యానెల్‌కు ల్యాప్‌టాప్ వైరు పెట్టి, ఆ టిక్కు తీసేశాను. సాయంత్రం మేనేజరు ఫోన్ చేసి ఎవరు చెబితే మార్చావని అరిచాడు. ఫలానా నాయకుడు స్వయంగా చెప్పాడన్నాను. ఎవరు గెలుస్తారో ఆయనకూ తెలియదు కాబట్టి ఫోన్ పెట్టేశాడు. చలపతిరావు గారు కూడా అదే కారణంతో ఊరుకున్నాడు. భయాలన్నీ ఒకే వైపు వరుసలో నిలబడటం నేను సర్వీసులో చూసింది ఆ ఒక్కసారే. ఆ టిక్కు మళ్లీ ఎవరూ పెట్టించలేదు. యాదమ్మ ఇప్పటికీ ఆ ఇంట్లోనే చేస్తోంది.

నాలుగో అంతస్తు

అదంతా తరవాతి మాట. అప్పటికైతే నేను లేచి బయటికొచ్చి, "రండమ్మా, ఎక్కండి" అన్నాను. యాదమ్మ ఎర్ర కార్డు రీడరుకు చూపించి తొమ్మిది నొక్కింది. బటన్ వెలిగింది. ఆమె దాన్నే చూస్తూ ఉండిపోయింది.

నాకు ఆ ముచ్చట చూసుకునే భాగ్యం కూడా లేకపోయింది. లిఫ్టు నడుస్తోందని తెలియగానే నాయకుడు ఎక్కాడు. ఆయన వెనకాల గన్‌మెన్లు, వార్డు నాయకుడు, యువ నాయకుడు, మాజీ యువ నాయకుడు, ఫొటోగ్రాఫర్, దండ పట్టుకున్నవాడు, చివరగా చలపతిరావు గారు. ఎనిమిది మంది పట్టే లిఫ్టులో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టేలోపే బజర్ మోగింది. బరువెక్కువైంది, ఎవరైనా దిగాలి.

ఎవరూ దిగలేదు. దిగితే ఫొటోలో ఉండడు. ఫొటోలో లేకపోతే రేపు ఎక్కడా ఉండడు. అందరూ పొట్టలు లోపలికి లాక్కున్నారు, అలా చేస్తే బరువు తగ్గుతుందన్నట్టు. బజర్ మోగుతూనే ఉంది. ఒక్కొక్క తలా మెల్లగా తిరిగింది. అందరి కళ్లూ యాదమ్మ మీద పడ్డాయి. ఆ లిఫ్టులో అందరికంటే తేలికైన మనిషి ఆమె.

ఆమె అలవాటుగా ఒక కాలు బయటికి పెట్టింది. బయట నిలబడ్డ నేను దిగొద్దని చెప్పబోయాను. యాదమ్మ ఆ కాలు మళ్లీ లోపలికి తీసుకుంది.

"నేను పనికి వోతున్న సారూ" అంది నాయకుడితో, మామూలుగానే. "మీల పని మీద వోయేటోళ్లు ఎందరున్నరు?"

నాయకుడు తన మనుషుల్ని ఒకరి తర్వాత ఒకరిని చూశాడు. ఆ తర్వాత కండువా సర్దుకున్నాడు.

"నేను ఫొటోకు పోతున్ననమ్మా" అని బయటికి దిగాడు.

ఆయన దిగితే ఇంక లోపలెందుకు? గన్‌మెన్లు దిగారు, వార్డు నాయకుడు దిగాడు, యువ నాయకుడూ మాజీ యువ నాయకుడూ ఒకరినొకరు తోసుకుంటూ దిగారు, ఫొటోగ్రాఫర్ దిగాడు, దండ దిగింది. చలపతిరావు గారు కూడా దిగాడు. బజర్ ఆగిపోయింది. బంతిపూల మధ్య యాదమ్మ ఒక్కతే, చేతిలో ఖాళీ సీసాతో నిలబడి ఉంది. తలుపు మూసుకుంది, లిఫ్టు కదిలింది.

అందరం నాలుగో అంతస్తులో నిలబడి తలుపు పైన అంకెలు మారడం చూశాం. ఐదు, ఆరు, ఏడు. నాయకుడికి ఆత్రం ఆగక పిలిచే బటన్ మీదికి వేలు పోనిచ్చాడు.

"జర ఆగుండ్రి సార్" అన్నాను. "ఆమెను దిగనియ్యిండ్రి."

ఆయన వేలు వెనక్కి తీసుకున్నాడు.